ఒకటికి వంద నేర్పిన సార్

సోమవారం పొద్దున జనగామలో ఆఫీసు తాళం తీస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. అమ్మ అంటే మా సార్ భార్య. "సార్ లేడు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి, కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అంది. తీసిన తాళం మళ్లీ వేసి మానుకోటకు రైలెక్కాను.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. మానుకోటలో ఒక మందుల దుకాణం పైన, రెండు కంప్యూటర్లు పట్టే చిన్న గదిలో ఇళ్ల ప్లాన్లు గీసేవారు. మేస్త్రీల దగ్గర్నుంచి మా దాకా అందరికీ డ్రాయింగ్ సారే. అంతకుముందు భూపాలపల్లిలో బొగ్గు గనుల మ్యాపులు చేత్తో, సిరాతో గీశారు. "కాగితం మీద ఒక్క గీత పక్కకు జరిగిందనుకో, భూమి కింద మనిషి ఎటు తవ్వుతడో ఎవరికెరుక" అనేవారు. యాభై దాటాక, కొడుకు ఈడు పిల్లల పక్కన కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నారు. "సిరాకలానికి వణకని చెయ్యి మౌసుకు వణికింది బిడ్డా" అని తన మీద తనే నవ్వుకునేవారు.

నాది కొత్తగూడ దగ్గర తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటాం. ఐటీఐలో డ్రాఫ్టింగ్ చదివి, ఇక గీయడం వచ్చేసిందనుకుని సార్ దగ్గర చేరాను. మొదటి రోజు ఆయన నన్ను కంప్యూటర్ ముట్టనివ్వలేదు. చేతికి టేపు ఇచ్చి ఆ గదినే కొలవమన్నారు. గోడలు, తలుపు, కిటికీ అయ్యాక, తను కూర్చున్న కుర్చీని కూడా కొలిపించారు.

మర్నాడు ఆ గది గీయడానికి కూర్చున్నాను. తెరమీద కాగితం కొలతకు ఒక చట్రం వేసుకుంటే, గది అందులో పట్టలేదు. దాన్ని పట్టుకుని చిన్నది చేసేశాను. సార్ వెనక నిలబడి చూస్తున్నారు.

"ఇల్లును గిట్ల పిసికినవేంది బిడ్డా?"

"కాగితంల పడతలేదు సార్."

"పన్నెండు అడుగుల గోడను పన్నెండు అడుగులే గియ్యి. మెషీన్ల జాగకు కరువు లేదు. చిన్నగ చేసుడు ప్రింటు తీసేటప్పటి ముచ్చట."

ఒకటికి వంద అంటే కాగితం మీద ఒక అంగుళం, నేల మీద వంద అంగుళాలు. అంత చిన్న సంగతి నాకు నిజంగా అర్థమైంది ఆ పొద్దే.

అర్థమైందనే అనుకున్నాను. ఏడాది తిరగకముందే తప్పు చేశాను.

నెల్లికుదురులో బట్టలు కుట్టే ఒక అక్క ఇంటికి ప్లాన్ నేనే గీశాను. గీత ఎక్కడా తప్పలేదు. ప్రింటు తీసేటప్పుడు మాత్రం ఒకటికి వంద అని పెట్టకుండా, బొమ్మను కాగితానికి సరిపెట్టేసే బటన్ నొక్కాను. బొమ్మ కొంచెం కుంచించుకుపోయింది. కింద మాత్రం ఒకటికి వంద అనే ఉంది. పైగా లోపలి గదుల కొలతలు రాయడం మరిచాను. మేస్త్రీ కాగితం మీద స్కేలు పెట్టి కొలుచుకుని ముగ్గు పోశాడు. పునాది గుంతలు తవ్వాక ఫోన్ చేశాడు. "సార్, బయటి కొలత మీరు రాసిందే. లోపలియి నేను కొలుసుకున్న. మూడు అర్రలు కలిపినా రెండడుగులు తక్కువొస్తున్నయి."

సార్ ఆఫీసు కాపీ తీసి స్కేలు పెట్టి చూశారు. తర్వాత నన్ను చూశారు. "టేపు పట్టుకో, పోదాం" అన్నారు. అంతే.

మేం వెళ్లేసరికి ఆ అక్క గుంతల పక్కన మట్టి కుప్ప మీద కూర్చుని ఉంది. "మంచి గడియ చూసి తవ్విచ్చిన సార్. గిట్లెందుకయింది?" అంది. నేను నోరు తెరిచేలోపే సార్ జవాబు చెప్పారు.

"తప్పు నాది అక్కా. సంతకం నాది. కొలవకుంట పెట్టిన. ఇంక సిమెంటు పడలే, పొద్దుమీకేసరికి సరిజేసి ఇస్త."

పంట్లాం మోకాళ్ల దాకా మడిచి గుంతలోకి దిగారు. అరవై దాటిన మనిషి. మేస్త్రీతో కలిసి మళ్లీ తాళ్లు కట్టించి, కూలీలతోపాటు పార పట్టారు. చీకటి పడకముందే మూడు గదులూ కుదిరాయి. తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే, "గీసుడు నీకొచ్చు. ప్రింటు తీసినంక కొలుసుడు రాలే. రేపటిసంది నేర్సుకుంటవు" అన్నారు.

ఆ రేపు నేను వెళ్లలేదు. నా తప్పుకు ఆయన పదిమందిలో తల వంచారు, ఇక ఏ ముఖంతో వెళ్లను? తండాకు వెళ్లిపోయాను. నాలుగో రోజు మధ్యాహ్నం మా వాకిట్లో సార్! మా నాయినకు దండం పెట్టి, "అన్నా, జర మీ ఇల్లు కొలుసుకుంటం" అన్నారు. నాయిన పరేషాన్ అయ్యాడు. సార్ టేపు కొస నా చేతికిచ్చారు. మట్టి గోడలు, పెంకుల వసారా, మేకల కొట్టం అన్నీ కొలిచాం. నెల్లికుదురు మాట ఎత్తనేలేదు. వెళ్తూ, "ఇది నువ్వే గియ్యాలె. రేపు రా" అన్నారు.

వెళ్లాను. గీశాను. ప్రింటు తీసి, ఆయనకు చూపించేముందు గోడ గోడకూ స్కేలు పెట్టి చూసుకున్నాను. అన్నీ కలిశాయి. "మీ భాషల ఇల్లును ఏమంటరు?" అని అడిగారు. ఘర్ అంటామన్నాను. పెన్సిల్‌తో బొమ్మ పైన అందంగా "ఘర్" అని రాసి, సంతకం చోట నన్ను పెట్టమన్నారు. అది నా మొదటి సంతకం.

ఆ కాగితం చూసి నాయిన, "మనిల్లు గింతేనా?" అని చిన్నబుచ్చుకున్నాడు. సార్‌కు చెబితే కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "ఇల్లు గంతనే ఉన్నది, కాగితమే గింత అని చెప్పు మీ నాయినకు."

ఇప్పుడు జనగామలో నా కింద ఇద్దరు పనిచేస్తున్నారు. వాళ్లు పొరపాటు చేస్తే నాకు ముందు కోపమే వస్తుంది. ఆ గుంతలోకి దిగిన మనిషిని తలచుకుని మింగేస్తాను. అన్నిసార్లూ కాదు. ఆయనంత ఓపిక నాకింకా రాలేదు.

నేను చేరేసరికి సార్‌ను వసారాలో పడుకోబెట్టారు. బంధువులకన్నా మేస్త్రీలే ఎక్కువున్నారు. మరిపెడ నుంచి, నెల్లికుదురు నుంచి, ఇంకా ఏయే ఊళ్ల నుంచో కబురందగానే పని ఆపి బయల్దేరినవాళ్లు. ఎవరూ గట్టిగా ఏడవడం లేదు. గేటు బయట విడిచిన చెప్పులు గోడ వెంట బజారు మూల దాకా ఉన్నాయి. చాలావాటి మీద సిమెంటు ఇంకా తడిగానే ఉంది.