మామ్మ పట్టిన ఆముదం

మొన్న పక్కింటి పసిబిడ్డ మాడుకి వాళ్ల అమ్మమ్మ వంటాముదం అద్దుతుంటే ఆ వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. నేను పాలకొల్లులో, మా కిరాణాకొట్టు వెనక పెరట్లో, జామచెట్టు కింద మూతి బిగించుకుని నిలబడ్డ ఏడేళ్ల పిల్లనైపోయాను.

నేను మలద్వారం మూసుకుని పుట్టానట. పుట్టగానే కాకినాడ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించి దారి పెట్టించారు గానీ ఆ దారి తన పని నేర్చుకోలేదు. రోజుల తరబడి కడుపు రాయిలా బిగిసిపోయేది, ఆ తర్వాత నాకు తెలియకుండానే గౌను పాడయ్యేది. బాగయ్యాకే పంపమని బడివాళ్లు ఇంటికి పంపేశారు.

నాన్నగారి తల్లి, మా మామ్మ, నా కడుపుకి సర్వాధికారి. ఎండాకాలం లేత ముంజలు ఒలిచి పెట్టి పనసతొన మాత్రం ముట్టనిచ్చేది కాదు, వానాకాలం జామకాయ గింజలు తీసి గుజ్జు మాత్రం తినిపించేది, చలికాలం తేగల్ని నారంతా లాగి చేతికిచ్చేది, ఆదివారం తెల్లవారగానే ఉగ్గుగిన్నెతో ఆముదం పట్టి వెనకాలే మిరియాల చారు పోసేది. రోజూ మరుగుదొడ్డి తలుపు బయట నిలబడి, కొట్లో బెల్లం తూస్తున్న గుమాస్తాకి కూడా వినిపించేలా "అయిందా అమ్మా?" అని కేకేసేది. తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలు అదే కేకతో నన్ను ఏడిపించేవారు. నేనేం తక్కువ తినలేదు, బిళ్ల తీసి కాలవలో పారేసేదాన్ని.

అప్పుడు రాజమండ్రిలో కొత్తగా వచ్చిన డాక్టరుగారి గురించి ఎవరో చెప్పారు. ఆయన ఎక్స్‌రేలో కనపడే రబ్బరు గొట్టాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి నాచేత మింగించారు. "ఇవి ఎక్కడ ఆగుతున్నాయో వచ్చేవారం ఫొటో తీసి చూద్దామండి. అందాకా విరేచనాల మందేదీ వెయ్యొద్దు. పేగంతా మొండికేస్తే మళ్లీ ఆపరేషన్ తప్పకపోవచ్చు" అన్నారు.

మామ్మ చెవికి ఆ చివరి మాట ఒక్కటే ఎక్కింది. ఫొటోకి ముందురోజు పొద్దున్నే నన్ను జామచెట్టు కిందకి లాక్కెళ్లి, "ఒక్క గుక్కే బంగారం! ఆ ముక్కలన్నీ పోతే నిన్నింక కొయ్యరు" అని బతిమాలి గిన్నె నోటికానించింది.

ఫొటోలో ఒక్క ముక్కా లేదు. "పేగు భేషుగ్గా ఉందండి. ఇక వైద్యం అక్కర్లేదు" అన్నారు డాక్టరుగారు. అమ్మ మొహం వెలిగిపోయింది. మామ్మ పైకప్పు చూస్తోంది. నాకు మాత్రం కడుపు మండింది. వైద్యం లేకపోతే పాడైన గౌనూ, పిల్లల ఎకసెక్కాలూ, మూసిన బడి తలుపూ ఎప్పటికీ నావే కదా!

"కాదండీ, నిన్న మామ్మ ఆముదం పట్టిందండి" అన్నాను. మామ్మ నా జబ్బ గిల్లింది. "నాకు దానంతటది రాదండీ" అని ఇంకా గట్టిగా చెప్పాను.

డాక్టరుగారు ఎవర్నీ కోప్పడలేదు, మళ్లీ ముక్కలు మింగించారు. బస్సులో మామ్మ నన్నొదిలి వేరే సీట్లో కూర్చుంది గానీ, ఇంటికి రాగానే ఆముదం సీసా తనే అటకెక్కించింది.

రెండో ఫొటోలో ముక్కలన్నీ పేగు కింది కొసన, బస్సు దిగబోయే జనంలా గుంపుగా చేరి ఉన్నాయి. "పై పేగు బాగా పనిచేస్తోందండి, చివర్నే తొయ్యలేకపోతోంది. కొయ్యక్కర్లేదు. రోజూ పొద్దున తిన్నాక ఒకే వేళకి ఉప్పునీళ్ల ఎనిమా ఇవ్వండి, చాలు" అన్నారు. మామ్మ అక్కడే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ పని నర్సమ్మ దగ్గర నేర్చుకున్నదీ మామ్మే. బళ్లు తెరిచేసరికి నేను ఉతికిన గౌనుతో వెళ్లి, బెంచీ మధ్యలో, అందరినీ జరగమని మరీ కూర్చున్నాను.

ఇప్పుడా కొట్టూ లేదు, జామచెట్టూ లేదు, అక్కడ బట్టల షాపు లేచింది. మామ్మ పోయి చాలా ఏళ్లయింది. నేను మాత్రం ఇప్పటికీ ఫలహారం తిన్నాక అదే వేళకి అదే పని చేసుకుంటాను. తలుపు బయట అడిగేవాళ్లెవరూ లేరు. మొన్న, ఆ ఆముదం వాసన ఇంట్లో ఇంకా ఉండగానే, గడియ తీసి బయటికొస్తూ వీధి చివరిదాకా వినిపించేలా కేకేశాను.

"అయింది మామ్మా!"