శివలీల తెరిచిన కళ్ళు

పత్తికొండ బస్టాండు వెనక రంగస్వామి ఫొటో స్టూడియోలో శివలీలది చనిపోయినవాళ్ళ కళ్ళు తెరిచే పని. వినడానికి ఒళ్ళు జలదరించినా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అది మామూలు అవసరమే. బతికుండగా ఎవరూ నిలబడి ఒక మంచి ఫొటో తీయించుకోరు. మనిషి పోయాక, పాడె లేవకముందు, ఎవరో ఒకరు సెల్‌ఫోనులో ముఖం తీస్తారు. దాన్ని స్టూడియోకి తెచ్చి, "కండ్లు తెరిపించమ్మా, దండెయ్యాల" అంటారు.

శివలీల కంప్యూటరు ముందు కూర్చుని, ముక్కులో దూది చెరిపేసి, మెడ కింద జరీ చీరో కొత్త చొక్కానో అమర్చి, చనిపోయినవాళ్ళ అన్నవో చెల్లెలివో కళ్ళు తెచ్చి అతికించేది. అలాంటి ఫొటో దొరక్కపోతే తన కళ్ళే పెట్టేది. "మన సీమ మొగాలే కదమ్మా, కుదురుతాయి" అనేవాడు రంగస్వామి. కుదిరేవి కూడా. కానీ పేరైనా తెలియని ముఖాలతో పొద్దంతా గడిపి ఇంటికి పోతే ఆమెకు అన్నం సయించేది కాదు.

కర్నూలులో జయరాజ్ అనే పాత పత్రికా ఫొటోగ్రాఫరు ఆదివారాలు పాఠాలు చెబుతాడని విని చేరింది. బతికున్న మనుషుల కథలు ఫొటోల్లో చెప్పడం ఆయన నేర్పే విద్య. మొదటి పాఠమే వింతగా ఉండింది. "కెమెరా సంచిలోనే ఉండనీమ్మా. ముందు పోయి కూర్చో. నువ్వెవరో వాళ్ళకు తెలిసేదాకా కూర్చో" అన్నాడు. ఒంటరిగా బతికే మనిషిని ఒకరిని ఎంచుకోమని, తన కెమెరా చేతికిచ్చి పంపాడు.

ఆమె ఎంచుకున్నది ఆలూరు దారిలో ఒక పల్లెలో ఉండే గిడ్డమ్మను. ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు, జనమంతా మిరపకోతలకు గుంటూరు దిక్కు పోయారు. మిట్టమధ్యాహ్నం వీధిలో కుక్క కూడా లేదు. గిడ్డమ్మ మట్టిమిద్దె లోపల కూర్చుని చెనిక్కాయలు వలుస్తూ ఉంది. కప్పులో వెలుతురు కోసం వదిలిన రంధ్రంలోంచి ఎండ ఒక కడ్డీలా దిగి ఆమె ఒళ్ళో పడుతోంది.

"ఫొటో తీస్తానవ్వా" అంటే, "తీసుకో పాపా, నాదేం పోతాది" అంది గిడ్డమ్మ.

కూర్చోమన్న పాఠం మరిచిపోయి శివలీల కెమెరా కంటికి పెట్టుకుంది. మనిషి కళ్ళు ఎక్కడుంటే అక్కడ ఆ కెమెరా తెరమీద చిన్న పచ్చ గడి కట్టి చూపిస్తుంది. ఆ గడి గిడ్డమ్మ ముఖం మీద ఒక్క క్షణం నిలిచి పక్కకు జారిపోయింది. మళ్ళీ గురి చూసింది. మళ్ళీ జారి, గిడ్డమ్మ వెనక చీకట్లోకి పోయి అక్కడ స్థిరంగా నిలబడింది. అక్కడ ఎవరూ లేరు. కెమెరా దించి చూస్తే గోడమీద దండేసిన ఫొటో ఒకటి కనబడింది. ఎర్రచీరలో ఒక పిల్ల. ముఖం శివలీలకు గుర్తు లేదు. ఆ కళ్ళు మాత్రం పొద్దున అద్దంలో చూసుకున్నవే.

"ఏం పాపా, తీయకుండానే దించితివి?"

"ఆమె ఎవరవ్వా?"

"నా కూతురు, శివకుమారి. జరమొచ్చి పోయింది." గిడ్డమ్మ గోడవైపు తిరగలేదు. "మొగం దాందే. చూపు దాంది కాదు. ఎవరో పరాయి మనిషి చూసినట్ల చూస్తాది. యాడ కూర్చున్నా నామీదే ఉంటాది. నీళ్ళు పోసుకునేటప్పుడు గుడ్డ కప్పుతా."

గిడ్డమ్మ తలెత్తి శివలీలను చూసింది. చాలాసేపు చూసింది. చేట పక్కన పెట్టి లేచి వచ్చి, గడ్డం పట్టుకుని ఎండకడ్డీలోకి ముఖం తిప్పింది.

"నువ్వా" అంది మెల్లగా. "ఇన్ని దినాలూ నన్ను చూస్తాండేది నువ్వా."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే శివలీలకు ఇంకా భయమేసింది. పారిపోవాలనిపించింది. చివరికి ఆ చెనిక్కాయల పక్కనే చతికిలబడి, "మీ పాప కండ్లు ఎట్లుండేవవ్వా?" అని అడిగింది.

ఆ మాట అంతవరకూ గిడ్డమ్మను ఎవరూ అడగలేదు. ఆమె మళ్ళీ తన చోట కూర్చుని, ఒక కన్ను రవ్వంత చిన్నదని, నవ్వితే రెండూ మూసుకుపోయేవని, ఉల్లిగడ్డలు కోసేటప్పుడు తల్లి కొంగులో ముఖం దాచుకునేదని చెబుతూ పోయింది. ఎండకడ్డీ ఒళ్ళోంచి గోడదాకా జరిగింది. కూతురి నవ్వు గుర్తు తెచ్చుకుంటూ గిడ్డమ్మ తన కళ్ళు మూసుకున్నప్పుడు శివలీల ఒకే ఒక్క ఫొటో తీసింది.

స్టూడియో కంప్యూటరులో శివకుమారి అసలు ఫొటో ఇంకా ఉంది. దాన్ని అలాగే, మూసిన కళ్ళతో, పెద్దదిగా అచ్చేసి తీసుకుపోయింది. గిడ్డమ్మ పాతది దించి కొత్తది తగిలించి, చేత్తో నిమిరి, "ఇప్పుడు నిద్రపోతాండాది" అంది.

జయరాజ్ గిడ్డమ్మ ఫొటోను కిటికీ దగ్గర పట్టుకుని చూసి, విషయమంతా విని, "తక్కిన ఇండ్లకు పోయినావామ్మా?" అని మాత్రం అడిగాడు.

స్టూడియోలో ఆ పని మానేసి శివలీల తన కళ్ళున్న ఇళ్ళన్నీ వెతుక్కుంటూ తిరగడం మొదలుపెట్టింది. గడప దాటకముందే లోపలినుంచి తనను తాను చూసుకుంటున్నట్టు వెన్ను చల్లబడేది. కొందరు ఫొటో మార్పించుకున్నారు. కొందరు తలుపు వేసుకున్నారు. దేవనకొండ దగ్గర బొజ్జన్న అనే ముసలాయన మాత్రం మార్చడానికి ఒప్పుకోనే లేదు.

"ఆ కండ్ల ముందే రోజూ అన్నం తింటాండా తల్లీ. మూయొద్దు" అన్నాడు. శివలీలను భార్య ఫొటో కిందే కూర్చోబెట్టి, గోడవైపు ఒకసారి, ఆమెవైపు ఒకసారి చూశాడు. తరవాత బతిమాలుతున్నట్టు అడిగాడు.

"ఒకసారి కండ్లు మూసుకో తల్లీ. ఆమె రెప్ప వేసి శానా దినాలైంది."

శివలీల కెమెరా నేలమీద పెట్టి కళ్ళు మూసుకుంది. బొజ్జన్న వానల గురించీ ఈనిన బర్రె గురించీ మాట్లాడటం వినిపించింది, మధ్యమధ్యలో బదులు కోసం ఆగుతూ, విన్నట్టే మళ్ళీ అందుకుంటూ. ఆయన చాలమనేదాకా ఆమె కళ్ళు తెరవలేదు.