వెచ్చబెట్టకూడని డబ్బా

జపాన్‌లోని యమగతాలో తొలి మంచు పడగానే ఆ చిన్నపిల్లల బడిలో వేడి బీరువా తెరుస్తారు. పిల్లల మధ్యాహ్నం డబ్బాలు పదింటికి అందులో పెడితే పన్నెండింటికి మూత తీయగానే అన్నం పొగలు కక్కుతుంది. ఆ బీరువా ఫుమియే చేతిలో ఉంటుంది. ఆమెకు అరవై మూడేళ్లు. పద్దెనిమిదేళ్లు షెడ్డులో బేరిపండ్లు ఏరి పెట్టెలకెత్తి, మోకాళ్లు మొరాయించాక ఇక్కడ ఆయాగా చేరింది. ముప్పై ఎనిమిది డబ్బాల్లో ఏది ఎవరిదో కట్టిన గుడ్డ చూసి చెప్పేస్తుంది.

నాలుగేళ్ల ఇతోహా డబ్బా మాత్రం నాలుగు రోజులుగా బీరువాలోకి వెళ్లడం లేదు. వాళ్లమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లింది. వంటంతా వాళ్ల నాన్న యహగి చేస్తున్నాడు. నీళ్లు పరీక్షించే ల్యాబులో అతని ఉద్యోగం. గుడ్డ ముడి కింద ఐస్ ప్యాక్, దానిమీద చీటీ: "లోపల కోసిన పండు ఉంది. పది డిగ్రీలు దాటకూడదు. దయచేసి వెచ్చబెట్టకండి." ఫుమియే చీటీలో ఉన్నట్టే చేసింది. డబ్బాను వరండాలో కిటికీ గట్టుమీద పెట్టింది. నాలుగు రోజులూ అది వచ్చినంత నిండుగానే తిరిగి వెళ్లింది.

"పిల్ల బుగ్గలు చూశారా? పీక్కుపోయాయి," అంది టీచర్ మోరియా అయిదో రోజు పొద్దున. "అమ్మమీద బెంగ. మనమేం చేయగలం?"

"బెంగ ఉంటుంది లెండి," అంటూ డబ్బా అందుకున్న ఫుమియే ఆగిపోయింది. అడుగున అరచేయి పెట్టి చూసింది. రాయిలా ఉంది. చుట్టూ పిల్లలంతా ఉఫ్ ఉఫ్ అని ఊదుకుని తింటుంటే ఈ పిల్ల ముందు బిరుసెక్కిన అన్నం! పండు చెడకూడదని అన్నం చెడగొడుతున్నది తనే. ఆమె చెవులు వేడెక్కాయి.

ఇంట్లోవాళ్లను అడగకుండా డబ్బా విప్పకూడదన్నది అక్కడి కట్టుబాటు. టీచర్ చేత యహగికి ఫోన్ చేయించి తనే అందుకుంది.

"ఇతోహాకి ఏమైందండీ? జ్వరమా? వాంతులా?"

"ఏం కాలేదు బాబూ, ఆడుకుంటోంది. డబ్బా గురించి చేశాను."

"ఐస్ కరిగిపోయిందా? ఇంట్లో పెట్టి చూశానండీ. అయిదు గంటల తర్వాత కూడా పండు ఏడు డిగ్రీలే ఉంది."

"మరి అన్నం ఎంత ఉంది?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"అన్నం... చూడలేదండీ."

"నేనూ చూడలేదు. చీటీ చూశాను. ఇద్దరం కలిసి పిల్లని పస్తు పెట్టాం."

"పండంటే ప్రాణమండీ తనకి. అదొక్కటైనా తింటుందని..."

"అందరూ పండుని వేరే బుల్లి డబ్బాలో పంపుతారు బాబూ. రేపట్నుంచి అలా పంపండి. ఇవాల్టికి నన్ను విప్పమంటారా?"

"విప్పండి, విప్పండి. చేతులు మాత్రం..."

"సబ్బుతోనే కడుగుతాను. ఇక పెట్టెయ్యండి."

డబ్బా మూల నాలుగు బేరిముక్కలున్నాయి. ఉప్పునీళ్లలో ముంచినట్టున్నాడు, రంగు మారలేదు. వాటిని మూతగిన్నెలోకి తీసి, వెనక గుమ్మం పక్కన మంచులో పాతి వచ్చింది.

"ఫ్రిజ్ ఉందిగా?" అంది టీచర్.

"అందులో మీ టీచర్లందరి చేపలూ ఉన్నాయి. బేరిపండుకి వాసన ఇట్టే అంటుకుంటుంది."

మిగతా డబ్బా బీరువాలోకి వెళ్లింది.

పన్నెండింటికి ఇతోహా మూత తీసింది. ఆవిరి ముఖానికి కొట్టగానే వెనక్కి జరిగింది. డబ్బాలో మూలకు చూసి, "బామ్మా, నా పండేది?" అంది.

"బయట మంచులో కూర్చుంది. కాసేపట్లో వస్తుంది."

"ఇప్పుడే రమ్మను."

"వస్తానంది. ఈలోగా ఆ అన్నం నోరు కాలుస్తుందో లేదో చూసి చెప్పు. నాకు భయంగా ఉంది."

"నీకు భయమా?" పిల్ల ఆమెను జాలిగా చూసింది. చాప్‌స్టిక్స్‌తో నాలుగు మెతుకులు తీసి, చాలాసేపు ఊది, నోట్లో పెట్టుకుంది. "కాలదు," అంది. మళ్లీ నాలుగు తీసుకుంది. గుడ్డుముక్క కొరికింది.

గిన్నె వచ్చింది. ఒక బేరిముక్క కొరికి, పళ్లు జిల్లుమన్నాయేమో, గట్టిగా కళ్లు మూసుకుంది. మిగతావి పక్కకు నెట్టి మళ్లీ అన్నంలోకే వెళ్లింది.

పిల్లలంతా మంచులోకి పరిగెత్తారు. ఇతోహా ఒక్కో మెతుకే తింటోంది. ఫుమియే ఆ బల్ల తప్ప మిగతావన్నీ తుడిచింది. డబ్బాలో ఇంకా సగం ఉండటం చూసి, తుడిచిన బల్లల్నే మళ్లీ మొదటినుంచి తుడవడం మొదలుపెట్టింది.