కాళ్ళలో తీపి

మా చెల్లెలికి కాళ్ళు తీపులు పెట్టేవి. ముసురు పట్టిందంటే చాలు, మోకాళ్ళ కింద మొదలై నడుము దాకా పాకేవి. ఈ మాట వింటే తెలుగువాళ్ళకు అది నొప్పేనని తెలుసు. పోటు వేరు, సలుపు వేరు, గుంజుడు వేరు. తీపు అంటే ఎముక లోపల విడవకుండా పీకే బాధ. అంత బాధకు మనవాళ్ళు ఆ తియ్యటి పేరెందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పెట్టినవాడు కనబడితే గట్టిగా నాలుగు అడగాలని ఉంది. ఆ ఒక్క మాట మా పిల్ల నోటికాడి ముద్ద లాగేసింది.

అప్పటికి బస్తర్ ఇంకా సంస్థానమే. మాది మరైగూడ. ఇంట్లో తెలుగు, చేలో దోర్లీ, సంతలో హిందీ మాట్లాడేవాళ్ళం, అందులో వింతేమీ లేదు. నేను కోంటా బడిలో పంతులుగా కుదిరి, సెలవులకు మాత్రం ఇల్లు చేరేవాణ్ణి. ఇంట్లో అయ్య, అమ్మ, చెల్లె, అయ్యను కన్న మా అవ్వ ఉండేవాళ్ళు. చెల్లెకు పదేళ్ళుంటాయి. కళ్ళు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసపడేది. నోరు మాత్రం గట్టిది. నన్ను అన్నా అని ఎన్నడూ పిలవలేదు, "ఓ పంతులూ" అని ఏడిపించేది.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక, ఊరూరా జనం నెత్తురు చూస్తూ తిరిగే డాక్టరొకాయన మా ఊళ్ళో డేరా వేశాడు. ఆయనకు తెలుగు రాదు, దోర్లీ రాదు. వెంట వచ్చిన చప్రాసీది జగదల్‌పూర్ వైపు ఊరు, ఇంటి భాష హల్బీ. అతని తెలుగంతా సంతలో నేర్చుకున్నది. ఉప్పు, కారం, తీపు, చవక, పిరం, అంతవరకు బాగానే వచ్చు. అయ్య చెల్లెను భుజాన ఎత్తుకుని డేరాకు పోయాడు. ఏం బాధ అని డాక్టరు అడిగాడు.

"కాళ్ళల్ల తీపులు సారూ, ఒళ్ళంత తీపులే" అన్నాడు అయ్య.

చప్రాసీ, కాళ్ళలో మీఠా ఉందట సాబ్, ఒళ్ళంతా మీఠాయేనట అని హిందీలో చెప్పాడు.

డాక్టరు ముఖం మారిపోయింది. బక్కచిక్కిన పిల్ల, ఒళ్ళంతా నీరసం, పైగా తీపి. పిల్ల మూత్రం శుభ్రమైన దాంట్లో పట్టి తెమ్మన్నాడు. మా ఇంట్లో సీసా ఎక్కడిది? వండుకునే కుండలో పట్టరు, తాగే చెంబులో అసలే పట్టరు. చూరుకు వేలాడుతున్న ఖాళీ సొరకాయ బుర్రను అమ్మ నీళ్ళతో కడిగి ఇచ్చింది. డాక్టరు గాజుగొట్టంలో నీలం మందు పోసి, బుర్రలోంచి నాలుగు చుక్కలు కలిపి, స్పిరిట్ దీపం మీద కాచాడు. నీలం పోయి ఇటుకరంగు తిరిగింది. చక్కెర ఉంటేనే ఆ రంగు వస్తుందట.

చక్కెర జబ్బు అని తేల్చేశాడు. దీనికి సూదిమందు ఉంది, పట్నం నుంచి తెప్పిస్తాను, అది వచ్చేదాకా అన్నం, జావ, బెల్లం, ఇప్పపువ్వు, పళ్ళు ఏవీ ముట్టనీయొద్దు, ముట్టనిస్తే పిల్ల దక్కదు అని చెప్పి ముందు ఊళ్ళకు పోయాడు. ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే భయపడ్డాడు, ఆ భయాన్ని అయ్యకు అప్పగించి వెళ్ళాడు.

అయ్యకు చెల్లె అంటే ప్రాణం. అందుకే అంత కఠినంగా ఉన్నాడు. అన్నం కుండ దగ్గర తనే కూర్చునేవాడు. పిల్లకు ఆకుకూర, గుడ్డు, దొరికిన రోజు చేప, అంతే. చేలోకి పోయినా మధ్యలో ఒకసారి వచ్చి చూసి పోయేవాడు. దసరా సెలవులకు నేను ఇంటికి వచ్చేసరికి పిల్ల మంచానికి అతుక్కుపోయి ఉంది. తీపులు తగ్గకపోగా చేతుల్లోకి ఎక్కాయి. నన్ను చూసి పంతులూ అనలేదు.

"ఆకలికి సచ్చెటట్టుందిరా పిల్ల" అని అవ్వ కొడుకు మీద విరుచుకుపడేది.

"డాక్టర్ సాబ్ కన్న నీకెక్కువ ఎరికనా? నోరు మూసుకోని ఉండవే" అనేవాడు అయ్య. తల్లిని అంత మాట అనడం నేను ముందెప్పుడూ వినలేదు.

అవ్వ నోరు మూసుకుంది గానీ చెయ్యి మూసుకోలేదు. కొంగులో ఇంత అన్నం మూటగట్టి తెచ్చి, గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల నోట్లో పెట్టేది. బయట అయ్య చెప్పుల చప్పుడు వినపడగానే చెల్లె గుసగుసగా, "అయ్యొస్తుండు, దాచిపెట్టవ్వా!" అనేది. మెతుకులు దొంగసొమ్ములా చాప కిందికి పోయేవి. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. డాక్టరు మాట నిజమైతే అవ్వ విషం పెడుతున్నట్టు, అబద్ధమైతే అయ్య పిల్లను మాడ్చి చంపుతున్నట్టు. ఏది నమ్మాలో తెలియక నాకు పిచ్చెక్కేది.

నా సెలవులు అయిపోకముందే డాక్టరు సూదిమందు తీసుకుని వచ్చాడు. తడిగుడ్డ చుట్టిన కుండలో దాన్ని చల్లగా పెట్టి తెచ్చాడు. అయ్య చెల్లెను మళ్ళీ డేరాకు ఎత్తుకొచ్చాడు, ఈసారి దుబాసీని నేనే. ఈ జబ్బు ఒకోసారి ఇంటిల్లిపాదికీ ఉంటుంది, సూది వేసేముందు అందరివీ చూడాలి అన్నాడు. మళ్ళీ అదే బుర్ర. చెల్లెది కాస్తే మళ్ళీ ఎర్రబడింది. అన్నం మానినా తగ్గలేదే అని ఆయన తల పట్టుకున్నాడు. అయ్యది నారింజరంగు తిరిగింది, అమ్మది పసుపు, నాది ఆకుపచ్చ కలిసిన పసుపు. నీలం పోతే చాలు, ఎంతోకొంత చక్కెర ఉన్నట్టేనట. చివరికి అవ్వ బుర్ర తీసుకుని సణుక్కుంటూ వాగువైపు పోయి, నింపుకుని వచ్చింది. అదీ ఆకుపచ్చగా మారింది.

"అవ్వా, నీక్కూడ చక్కెర జబ్బేనంట" అన్నాను ఏడుపు గొంతుతో.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. నేలమీద చతికిలబడి కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది.

"నాకు గాదురా, వాగుకొచ్చింది చక్కెర జబ్బు! ముక్కు మొకం ఎరగని మొగోనికి నా నీళ్ళిస్తనా? వాగుల ముంచుకొచ్చిన!"

దీన్ని హిందీలోకి ఎలా దించాలో నాకు తెలియలేదు. చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరు కోప్పడలేదు. బుర్ర అందుకుని వాసన చూశాడు. ఇందులో ఇంతకుముందు ఏముండేదని అడిగాడు.

"తేనె. ఏండ్ల సంది తేనెకే వాడుతం" అంది అమ్మ.

ఆయన చెల్లె చేతికి గాజుగొట్టమే ఇచ్చి, అమ్మను తోడు పంపాడు. అది కాచాడు. మళ్ళీ కాచాడు. నీలం నీలంగానే ఉంది. మరి కాళ్ళలో మీఠా అన్నారే అని నావైపు తిరిగాడు. ఏం మీఠా అన్నాను. అప్పటికి గానీ నాకు సంగతి వెలగలేదు. మా భాషలో బెల్లం రుచికీ బాధకూ ఒకటే మాట అని చెప్తుంటే, ఆ మాట నేనే కనిపెట్టినంత సిగ్గేసింది. చప్రాసీ బిక్కముఖం వేసుకుని, తీపు అంటే మీఠాయే గదా అన్నాడు. కాదని ఎలా అనను?

డాక్టరు చేతిలోని సూది కింద పెట్టాడు. ఇది వేసి ఉంటే పిల్ల బతికేది కాదు అని మాత్రం అన్నాడు. తర్వాత మా ఇంటికి వచ్చి, చెల్లె ముందు అన్నం పెట్టించాడు. అది ముద్ద ముట్టుకోకుండా అయ్య ముఖంలోకి చూసింది. అయ్య తలూపి, ఇంటి వెనక్కి పోయాడు. ఆయన ఏడుపు మా అందరికీ వినబడింది.

ఆ సాయంత్రం డాక్టరు చెల్లె వేలు పొడిచి, ఒక చుక్క నెత్తురు గాజుపలక మీద వేసి, పైన పల్చటి గాజు మూశాడు. గాలి చొరకుండా అంచులకు పూయడానికి మైనం కావాలంటే, అవ్వ తేనెపట్టు మైనమే ఇచ్చింది. మర్నాడు పొద్దున నన్ను పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమన్నాడు. గుండ్రంగా ఉండాల్సిన నెత్తురు కణాలు చాలావరకు వంకర తిరిగి, సన్నగా, కొడవళ్ళలా ఉన్నాయి. ఇవి సన్నటి నెత్తురు నరాల్లో చిక్కుకుంటే ఎముకలు నొప్పెడతాయి, దూరదేశాల్లో ఉందని చదివాను గానీ కళ్ళతో చూడటం ఇదే మొదలు అన్నాడు. మందేమిటని అడిగాను. తనకు తెలియదన్నాడు. నీళ్ళు బాగా తాగించండి, చలి తగలనీయకండి, కడుపు మాడ్చకండి అన్నాడు. మొదటిసారి ఆయనకు అన్నీ తెలుసని నమ్మి చెడ్డాం. ఈసారి తెలియదన్న మనిషిమీద నాకు గురి కుదిరింది.

చెల్లె తేరుకుంది. మళ్ళీ నోరు లేచింది. తీపులు వచ్చినప్పుడల్లా, ఎట్లుంది బిడ్డా అని అయ్య అడిగితే "మీఠా!" అనేది. ఇల్లంతా నవ్వేవాళ్ళం. అయ్య ఒక్కడే నవ్వేవాడు కాదు. నాకు తెలిసి ఆ తర్వాత ఆయన చెల్లె తినకముందు ఒక్క పూట కూడా తినలేదు.

సంస్థానం పోయింది, అవ్వ పోయింది. ఇంకొన్నేళ్ళకు ఒక వానాకాలంలో చెల్లెకు జ్వరంతో పాటు రొమ్ములో నొప్పి పట్టుకుంది. నేను కోంటా నుంచి వచ్చేసరికి మనుషులను గుర్తుపట్టడం లేదు. మర్నాడు పొద్దున అయ్య మెత్తగా అన్నం వండి, బెల్లం కలిపి, తల ఒళ్ళో పెట్టుకుని తినిపిస్తున్నాడు. రెండు ముద్దలు తింది. మూడోది నోటికి తెస్తుంటే గుమ్మంవైపు చూసి, ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"అయ్యొస్తుండు" అంది గుసగుసగా. "దాచిపెట్టవ్వా."

"నేనే బిడ్డా, తిను" అన్నాడు అయ్య. అది మళ్ళీ నోరు తెరవలేదు.