ఒకే తొట్టిలో కలిసిన పొడి

ఓర్వకల్లు దగ్గర రాళ్లగుట్టల కింద ఉన్న ఆ పల్లెకు నేను మొదటిసారి వెళ్లింది గొర్రెల రక్తం కోసం. ఈ మాట వింటే మా అమ్మకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రాయచోటిలో మాది అంగడి పెట్టుకుని బతికే ఇల్లు. కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల పశువైద్యం చదవడమే ఒక వింత అయితే, ఆ తర్వాత సిరంజి పట్టుకుని గొర్రెల మెడలు తడుముతూ తిరగడం ఇంకో వింత. పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చుంటే చుట్టాలు నా చేతుల వంక చూసి "బాగా కడుక్కున్యావామ్మా" అని నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని. అప్పట్లో నా పొగరు అంతా ఇంతా కాదు.

ఎండ మితిమీరితే ఒంట్లో ప్రతి కణమూ అల్లాడిపోతుంది. తనను తాను కాపాడుకోవడానికి ఒక రకం ప్రోటీన్‌ను గబగబా తయారుచేసుకుంటుంది. అది రక్తంలో ఎంత ఉందో చూస్తే ఆ జీవం లోపల ఎంత అవస్థ పడుతోందో తెలుస్తుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. గొర్రె మామూలుగానే నిలబడి, నీడ కోసం పక్కదాని పొట్ట కింద తల పెట్టుకుని ఉంటుంది. అంత అవస్థలో ఉన్న ఒంటికి టీకా వేసినా సరిగా పట్టదు. మేతలో సెలీనియం, జింకు, విటమిన్ ఇ కలిపి పెడితే ఆ అవస్థ తగ్గుతుందా, టీకా పడుతుందా? నా పరిశోధన మొత్తం ఈ ఒక్క ప్రశ్నే.

గొర్రెలు ఇచ్చింది ఆ పల్లెలో ఒకామె. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పాపా అనేది. భర్త తుమ్మలపల్లె గనిలో కాంట్రాక్టు పనికి పోయి అక్కడే ఉంటున్నాడు. మంద నిలిస్తే ఆయన పని మానుకుని ఇంటికొస్తాడు. మంద పోతే ఈమె కూడా ఇల్లు మూసుకుని ఆయన దగ్గరికి పోవాలి. ఇద్దరూ అలా మాట్లాడుకున్నారు. "ఈ ఎండకాలం దాటితే సాలు పాపా. వానలు పడినాక నా గొర్లు నా యెనకనే ఉంటాయి, ఆయప్ప కూడా వచ్చేస్తాడు" అని మొదటిరోజే చెప్పింది.

దాటడం అంత తేలికేమీ కాదు. వాళ్లు ఏళ్లుగా మేపుకునే బీడు చుట్టూ పరిశ్రమల కోసమని కంచె పడింది. మిగిలిన గుట్ట మీద రాళ్లు తప్ప పోచ లేదు. పక్కనున్న విమానాశ్రయంలో విమానం దిగుతుంటే గొర్రెలు తల కూడా ఎత్తేవి కావు. వాటికి కావలసింది నీడ, గడ్డి. నేను తీసుకెళ్లింది సెలీనియం, జింకు కలిపిన పొడి. ఈ సంగతి నాకు అప్పుడూ తెలుసు. కానీ గడ్డి మొలిపించడం నా చేతిలో లేదు.

పద్ధతి చాలా సులువు. సగం గొర్రెల వీపు మీద ఎర్రరంగు పూశాను, మిగతా వాటి మీద నీలం రంగు. ఎర్రవాటికి, నూనె తీసిన వేరుశనగ చెక్కలో పొడి కలిపి ఒక తొట్టిలో, నీలంవాటికి వట్టి చెక్క ఇంకో తొట్టిలో. రోజూ పెట్టాల్సింది అక్క. వారానికోసారి నేను కర్నూలు నుంచి బస్సులో వచ్చి, పొడి ఇచ్చి, రక్తం తీసుకుపోవాలి. అన్నీ వివరంగా చెప్పి "సరేనా అక్కా" అంటే, "సరే పాపా, నువ్వు చెప్పినాక ఏముండాది" అంది.

వేసవి మధ్యకొచ్చేసరికి నాకు నిద్ర పట్టడం మానేసింది. ల్యాబులో ఏ పరీక్ష చూసినా ఎరుపూ నీలమూ ఒకటే. ఎరుపులో ఆ ప్రోటీన్ తగ్గాలి కదా, తగ్గలేదు. టీకా వేశాక రెండు గుంపుల్లోనూ రోగాన్ని అడ్డుకునే బలం అరకొరగానే వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ అదే. నాకు పరిశోధన నేర్పే సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "తేడా లేదంటే లేదనే రాయమ్మా. అదీ ఫలితమే" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఒక వారం నేను వెళ్లాల్సిన రోజుకు ముందురోజే వెళ్లాను. కర్నూలులో నా గదిలో కూర్చుని ల్యాబు గురించి ఆలోచించలేక బస్సెక్కానంతే. పొద్దున్నే గొర్రెలదొడ్డి దగ్గరికి పోతే, అక్క రెండు తొట్లనూ పక్కపక్కన చేర్చి, ఎర్రవాటి చెక్కనూ నీలంవాటి చెక్కనూ చేత్తో కలిపేసి అన్నింటికీ సమంగా పోస్తోంది. నన్ను చూసి కంగారుపడలేదు సరికదా, "ముందే వస్తివే, కాఫీ పెడతా ఉండు" అంది.

నోటికొచ్చినట్టు అరిచాను. ఎండాకాలమంతా బూడిదలో పోశావంటూ నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆమె నా వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఒగే పంక్తిలో నిలబెట్టి దీనికి యేసి దానికి యెయ్యకపోతే యట్ల పాపా? అదేం తప్పు చేసింది?"

"సరే అన్నావు కదక్కా?"

"రంగు పూసుకోమన్యా. కడుపు కాడ వలపక్షం సూపిస్తానని యాడ చెప్పినా?"

మా ఇళ్లలో పంక్తి భోజనాల దగ్గర ఒక విస్తట్లో నెయ్యి వేసి పక్క విస్తరి దాటిపోయినవాడిని ఏళ్ల తరబడి చెప్పుకుని తిడతారు. ఆ తిట్లు వింటూ పెరిగినదాన్నే. అయినా గొర్రెలకు ఆ లెక్క వర్తిస్తుందని నాకు తట్టలేదు. సారుకూ తట్టలేదు. పొడి చాలినంత ఏ ఒక్కదానికీ అందలేదు. అన్నింటికీ సగం అందింది. ఆ సగానికి ఏ పరీక్షలోనూ ఆనవాలు లేదు.

సారు దగ్గర ప్రాధేయపడ్డాను, అన్నింటికీ సరిపడా పొడి ఇప్పించండి సార్ అని. "అన్నింటికీ పెడితే దేంతో పోల్చుతావు?" అన్నారు. ఆయన అన్నదీ నిజమే. ప్రాజెక్టు గడువు అయిపోయింది. కొత్తగా మొదలుపెట్టడానికి అనుమతి లేదు.

ఎండకాలం దాటింది. అక్క గొర్రెలు బక్కచిక్కినా ఒక్కటి కూడా చావలేదు. తొలకరి పడి గుట్ట మీద పచ్చదనం కనిపించగానే ఆమె భర్తకు ఫోను చేసి వచ్చెయ్యమంది. ఆ వారంలోనే పారుడు రోగం వచ్చింది. మేం టీకా వేసింది దానికే. ముక్కు కారడం, నోట్లో పుండ్లు, ఆగని విరేచనాలు. కబురు తెలిసి మందులు పట్టుకుని పోయాను. నేను వెళ్లేసరికి ఎర్రరంగువీ నీలంరంగువీ చచ్చి గుట్ట కింద గుంతలో కలిసిపోయి ఉన్నాయి. వాన నీళ్లకు రంగులు కారి ఏది ఏదో కూడా సరిగా తెలియడం లేదు. చావులోనైనా తేడా కనిపిస్తుందేమోనని లెక్క చూడబోయి, నా మీద నాకే అసహ్యమేసి ఆగిపోయాను.

అక్క దొడ్డి రాతి మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నన్ను చూసి అడిగింది.

"పాపా, నేను కలపకుండా ఎర్రవాటికే పెట్టింటే అవన్నా బతికేవా?"

నేను రెండేళ్లుగా అడుగుతున్న ప్రశ్న అదే. దానికి జవాబు ఉండాల్సింది నా దగ్గరే.

"తెలీదక్కా" అన్నాను.

"తెలీదంటే బతికేవేమో అనే కదా."

కాదనడానికి ఆధారం లేదు, అవుననడానికీ లేదు. ఈ రోజు వరకూ నాకు తెలీదు, ఇక తెలిసే దారీ లేదు. అంత మంద పోయి మనుషులకు ఒక్క ముక్క కూడా నేర్పలేదు. నా బాధంతా ఇదే.

దొడ్డిలో రెండు గొర్రెలు మిగిలాయి. ఒకదాని వీపు మీద ఎర్రటి మరక, ఇంకోదాని మీద నీలం. అక్క లోపలికి పోయి డబ్బా తెచ్చింది. అడుగున పొడి కొంచెం మిగిలింది, ఒక్క గొర్రెకు సరిపోయేంత. చెక్క తడిపి, డబ్బా నా చేతిలో పెట్టింది.

"దేనికి పెట్టల్లనో ఈసారి నువ్వే చెప్పు. చెప్పినట్టే పెడతా."

రెండూ నా వంకే చూస్తున్నాయి. రోజూ మేత వేసే వేళ అది.

డబ్బా బోర్లించి పొడి మొత్తం చెక్కలో కలిపాను. రెండు భాగాలు చేసి రెండింటి ముందూ పెట్టాను.