తడిమి చూసే చెయ్యి

పటాన్‌చెరులో ఫంక్షన్ హాలు వెనక లింగం తన పెళ్లిగుర్రాన్ని కట్టేసే చోటికి రిటైర్డ్ మేజర్ విఠల్‌రావు రోజూ పొద్దున్నే కుంటుకుంటూ వస్తాడు. పాశమైలారం వెళ్లే కంపెనీ బస్సుల హారన్లకు బెదిరే గుర్రం, ఆయన అరచెయ్యి మెడమీద పడగానే కుదుటపడుతుంది. మెడ నుంచి మొదలుపెట్టి నాలుగు కాళ్లూ గిట్టల దాకా తడిమి చూస్తాడు. సైన్యంలో గుర్రాల దళంలో ఉన్నప్పుడు నేర్చిన పని అది. తర్వాత హెలికాప్టర్లు నడపడానికి మారినా ఆ అలవాటు పోలేదు. హెలికాప్టర్ ఎక్కేముందు చుట్టూ తిరిగి దాని పొట్టంతా చేత్తో నిమిరేవాడు. "ఇది తన్నదు సార్" అని పక్కసీటు కెప్టెన్ మహేంద్ర నవ్వేవాడు. ఒక్కరోజు, వరదలో చిక్కుకున్నవాళ్లు ఎదురుచూస్తున్నారన్న తొందరలో నిమరకుండానే ఎక్కేశాడు. ఆ రోజే హెలికాప్టర్ కూలింది. విఠల్‌రావు కాలు విరిగింది. మహేంద్ర మళ్లీ లేవలేదు. విచారణలో విఠల్‌రావు తప్పేమీ లేదన్నారు.

నిన్న ఆయన తడిమి చూడటం అయ్యాక లింగం జీను కట్టి, "గిన్ని దినాల సంది సూసుడే గాని ఎక్కింది లేదు. ఒక్కపారి ఎక్కుండ్రి సార్" అన్నాడు. మేజర్ ముఖం వెలిగింది. రికాబులో కాలు పెట్టాడు. అంతలోనే తీసేసి, మళ్లీ మెడ దగ్గర్నుంచి తడమడం మొదలుపెట్టాడు. అది అయ్యాక ఇంకోసారి.

"మూడుసార్లు సూస్తిరి. ఇంక ఏమున్నది సార్?"

"ఆ దినం ఒక్కసారి గూడ చూడలే లింగం" అంటూ ఆయన వంగి, మళ్లీ మొదటి కాలు పట్టుకున్నాడు.