వెనక పేజీ

ఆవిడ ఏ కరపత్రాన్నైనా వెనక పేజీ నుంచే చదివేవారు. కెనడాలోని సర్రీలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. మేమంతా ఆంటీ అనేవాళ్లం. నేనప్పుడు ఒక మందుల కంపెనీకి ప్రచారం చూసేదాన్ని. షుగరుకి కొత్త ఇంజెక్షన్ వచ్చింది. దాని మీద పేపర్లలో ఒకటే గొడవ. ఫిజీ నుంచి వచ్చి అక్కడ స్థిరపడి, ఫ్యామిలీ డాక్టరు దొరకని హిందీ మాట్లాడే పెద్దవాళ్లకి దాన్ని పరిచయం చేయాలి. వాళ్లు ఆంటీ మాట వింటారని ఆవిడని కమ్యూనిటీ హాలుకి తీసుకెళ్లాను.

నేను రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని, ఆవిడ ఆ ఇంజెక్షన్ కరపత్రం తిరగేశారు. చిన్న అక్షరాల్లో ఉన్న సైడ్ ఎఫెక్టులన్నీ హిందీలో ఒక్కొక్కటే చదివి చెప్పారు. సగం మంది లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కుని ప్రశ్నలు మొదలుపెట్టారు.

తిరిగొస్తుంటే కారులో ఉండబట్టలేక, "కొంప ముంచారు ఆంటీ! ముందు పేజీ చదివితే సరిపోయేదిగా?" అన్నాను.

"నువ్వు రాశావుగా అమ్మా, బానే ఉంది. కానీ సూది పొడుచుకునేది వాళ్లు కదా," అన్నారు.

మళ్లీ ఆవిడకి ఫోన్ చేయలేదు. రెండేళ్లకి పోయారని వాట్సాప్‌లో చూశాను.

నిన్న డాక్టరు నాకే ఆ ఇంజెక్షన్ రాశారు. డబ్బాలో అదే కరపత్రం. ముందు పేజీ నేను రాసిందే కాబట్టి నమ్మబుద్ధి కాలేదు. తిరగేశాను. ఆంటీ ఉండి చదువుతుంటే, ఆ పెద్దవాళ్లలాగే కుర్చీ దగ్గరికి లాక్కుని వినాలనిపించింది.

ఆ రోజు హాల్లో ఆవిడ చదువుతున్నంతసేపూ నేను గుమ్మం దగ్గర నిలబడి వాచీ చూసుకున్నాను.